మీసాలు లెక్కపెట్టని చేప

చేప పేరేమిటని అడిగితే కిలో ఎంతకు పోతుందో చెప్పే ఉద్యోగం మాది. కొత్తగా ఇందులోకి వస్తున్న పిల్లలకు ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. నా నౌకరీ అంతా వరంగల్ చుట్టుపక్కల చెరువుల మీదే గడిచింది. లారీల్లో వచ్చిన చేపపిల్లలను నీళ్లలో వదలడం, సొసైటీల తగాదాలు తీర్చడం, చేపలు చచ్చి తేలితే వెళ్లి ముక్కు మూసుకుని కారణం రాయడం, ఇవే మా పనులు. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ సీట్లో ఎన్నాళ్లు కూర్చున్నానో చెప్పి మిమ్మల్ని విసిగించను. రిటైరైన రోజు ఒక శాలువా కప్పారు. మా ఇంట్లో దాన్ని ఇస్త్రీ చేసేటప్పుడు బల్ల మీద పరుస్తారు.

నేను చెప్పాల్సింది ఒక్క చేప సంగతి. వేలెడంత చేప. దాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. ఇది చదివి మీకు ఉత్సాహం వస్తుందని నేను అనుకోవడం లేదు. నాకే లేనిది మీకు ఎక్కడ నుంచి తెచ్చిపెట్టను.

వీరస్వామి సారు

నేను చేరినప్పుడు మా ఆఫీసరు వీరస్వామి సారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలో దిగే ఆఫీసరును అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కోపం ముక్కు మీదే ఉండేది. జీపు డ్రైవరు మీద ఎంతో, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద అధికారి మీద కూడా అంతే. ఆ ఒక్క గుణం వల్ల ఆయన జిల్లా దాటి పైకి పోలేదు.

మొదటి రోజు నన్ను ఎదురుగా నిలబెట్టి, ఏ ఊరని అడిగారు. డోర్నకల్ అన్నాను. మా నాన్న అక్కడి రైల్వే జంక్షన్‌లో పని చేసేవాడు. సారు ఒక బకెట్ నా ముందు పెట్టారు. అందులో ఎవరో వల విదిలిస్తే పడిన చిన్న చేపలు ఉన్నాయి. రకాలు వేరు చెయ్యమన్నారు. నేను పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క పెట్టాను.

"డోర్నకల్ల రైళ్లను గూడ గిట్లనే జూస్తరా మహబూబూ? పెద్ద రైలు, చిన్న రైలు?" అన్నారు.

"అన్నీ పరకలే గద సార్," అన్నాను.

"పరక అనేది పేరు గాదు, ఇంటిపేరు. ఒక్క ఇంటిపేరుతోని ఎంతమంది ఉంటరో ఊర్ల జూడు."

ఆ మధ్యాహ్నం ఆయన నాకు భూతద్దం ఇచ్చి కూర్చోబెట్టారు. పరకను గుర్తించాలంటే రంగు చూసి మోసపోవద్దని చెప్పారు. వీపు రెక్క ముందుండే ముల్లు నున్నగా ఉందా, రంపంలా ఉందా చూడాలి. పక్కన తోక దాకా పోయే గీత మీద పొలుసులు లెక్కపెట్టాలి. అన్నిటికన్నా ముందు మూతి చూడాలి. కొన్ని పరకలకు మీసాలు అసలుండవు, కొన్నిటికి రెండు, కొన్నిటికి నాలుగు. వెంట్రుక కన్నా సన్నం, తడి మీద మూతికి అతుక్కుని ఉంటాయి, సూదితో లేపితేనే కనపడతాయి. మూతి చూడకుండా పరకకు పేరు పెట్టేవాడు మొహం చూడకుండా పిల్లను ఖాయం చేసుకున్నవాడని సారు అనేవారు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ చేపనైనా ఇద్దరు లెక్కపెట్టాలి. మొదటివాడు తన లెక్క చిన్న కాగితం ముక్క మీద రాసి బల్ల మీద బోర్లా పెట్టాలి. రెండోవాడు కూడా అంతే. అప్పుడు రెండూ ఒకేసారి తిప్పాలి. కలిస్తే సరే, కలవకపోతే చేప మళ్లీ పళ్లెంలోకి, ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి. ఆఫీసులో అందరూ దీన్ని సారు పేకాట అనేవారు. సారు విన్నా విననట్టే ఉండేవారు.

అందరూ చూసిన చేప

ఆ పేకాట ఎందుకో నాకు ఒక మీటింగు తర్వాత తెలిసింది. పైనుంచి వచ్చిన ఒక అధికారి, బజార్లో జిలేబి అని పిలిచే విదేశీ చేప మన చెరువుల్లో దూరిందని విన్నాను, వెతికి చెప్పండి అన్నాడు. వారం తిరక్కుండా జిల్లాలో ప్రతి ఫీల్డు మనిషికీ ఆ చేప కనపడింది. ఒకరు కనపడిందంటే రెండోవాడు గుంపులుగా కనపడిందన్నాడు. సారు అందరినీ చేపలతో సహా రమ్మన్నారు. బకెట్లు వంచి చూస్తే ఒకదాంట్లో చందమామ చేపలు, ఒకదాంట్లో బొచ్చె పిల్లలు. జిలేబి ఒక్కటి లేదు.

"కండ్లు మనయి, చూపు పై సారుది. గిట్లుంటది నౌకరి," అన్నారు వీరస్వామి సారు. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండేదని మాకు అనిపించింది.

ఇప్పుడు సంగతి చెప్పనా? ఇప్పుడు ఏ చెరువులో వల వేసినా జిలేబే. అప్పుడు లేనిదాన్ని అందరం చూశాం, ఇప్పుడు కళ్ల ముందు ఉన్నదాన్ని రాయమంటే ఎవరూ రాయరు, ఎవరూ అడగలేదు గనక. మీరు చేరబోయే ఉద్యోగంలో చూపు అంటే ఇదే. ఇది మారుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అడ్డచార

నేను చేరక ముందు వీరస్వామి సారుకు ధర్మసాగర్ చెరువు కట్ట కిందుగా పోయే ఒర్రెలో, అంటే చిన్న వాగులో, ఒక చేప దొరికింది. చూడ్డానికి పరకే. కానీ నడుము దగ్గర వీపు నుంచి కడుపు దాకా ఒక నల్లటి అడ్డచార, కొంచెం ఏటవాలుగా. అలాంటిది ఈ ప్రాంతంలో ఎవరూ చెప్పలేదు. సారు లెక్కలన్నీ చూసి, బొమ్మ గీసి పైకి పంపారు. చేపను ఫార్మలిన్ సీసాలో దాచారు. అది మామూలు పరకే, చార ఏదో గాయం మచ్చ అయ్యుంటుందని జవాబు వచ్చింది. బొమ్మ తిరిగి రాలేదు. తర్వాత ఆఫీసు ఇంకో బిల్డింగుకు మారేటప్పుడు, వాసనొస్తుందని సీసాలన్నీ ఎవరో పారబోశారు. కాన్పు కోసం భార్యను దవాఖానలో చేర్చి సెలవులో ఉన్న సారు తిరిగొచ్చేసరికి సీసాలుండే అలమారలో చాయ్ గ్లాసులు ఉన్నాయి.

తర్వాత మీటింగుల్లో అదొక నవ్వులాట అయింది. వీరస్వామి గారూ, మీ చేప మళ్లీ కనపడిందా అని అడిగేవారు. ఆయన పళ్లు బిగపట్టి కూర్చునేవారు. మాకు మాత్రం చార సంగతి చెప్పి, ఒర్రె దిక్కు పోతే చూడమనేవారు. మీసాలెన్ని సార్ అని ఒకసారి నేను అడిగాను.

"దొరికిన్నాడు నువ్వు లెక్కవెట్టి చెప్పు. గప్పుడు నేను చెప్త. ముందుగాల చెప్తే మీ అందరికి రేపే దొరుకుతది," అన్నారు.

కొన్నాళ్లు వెతికాం. తర్వాత చేపపిల్లల లారీలు పెరిగాయి, పని పెరిగింది, మరిచిపోయాం. చిన్న చేపలకు బజార్లో పేరే చిల్లర చేపలు. చిల్లర కోసం జీపులో డీజిల్ పోయించే ప్రభుత్వం ఎక్కడా ఉండదు.

సదానందం గాలం

నా రిటైర్మెంటు తర్వాత సారును చూడ్డానికి తరచుగా హనుమకొండ వెళ్లేవాణ్ణి. ఎనభై దాటాయి, షుగరుతో రెండు కళ్లూ పోయాయి. స్కూలు టీచరైన కూతురు సునీత దగ్గరుండి చూసుకునేది. మంచం పక్కన కూర్చోగానే ఆయన అడిగే మొదటి మాట ఒకటే.

"ఒర్రె దిక్కు పోయినవా?"

ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నేను జూసింది నిజమేనా మహబూబూ? లేకుంటె నా కండ్లు గప్పుడే పోయినయా? గిదొక్కటి తేలితే పోత," అన్నారు. అంత కోపిష్టి మనిషి ఆ మాట మెల్లగా అడిగారు. ఇంకెవరైనా అడిగితే నిజమే సార్ అని అప్పుడే అనేసేవాణ్ణి. ఆయనకు అలా చెప్పడానికి నోరు రాలేదు.

సదానందం నాకు గాలం దగ్గర దోస్తు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. వారమంతా మగ్గం ముందు కూర్చుని ఆదివారం ఎర్రల డబ్బా, రెండు గాలాలు పట్టుకుని ధర్మసాగర్ పోతాడు. ఖాళీగా ఉన్న రోజుల్లో నేనూ అతని బండి వెనక ఎక్కేవాణ్ణి. అతనికి నేను సారు చేప సంగతి చెప్పాను, చార సంగతి కూడా.

ఒక ఆదివారం నేను డోర్నకల్‌లో మా చెల్లెలి కొడుకు పెళ్లి విందు, వలీమాలో ఉన్నాను. పళ్లెం ముందు కూర్చోగానే ఫోన్‌లో ఫోటో వచ్చింది. సదానందం అరచేతిలో చిన్న చేప, జారకుండా బొటనవేలు తల మీద నొక్కి ఉంది. ఎండకు సగం తెల్లగా మెరుస్తోంది. కానీ నడుము దగ్గర చార ఉంది. నల్లగా, ఏటవాలుగా. దాని కింద వాయిస్ మెసేజ్‌లో అతని గొంతు: "సార్, గీ చేపేందో జర చెప్పుండ్రి. నేనైతే ఎన్నడు చూడలే."

పళ్లెం వదిలేసి బయటికి వచ్చి ఫోన్ చేశాను.

"యాడ దొరికింది సదానందం?"

"కట్ట మీద జనం ఉన్నరని కింద ఒర్రెలకు దిగిన సార్. మడుగు కాడ. పరకల నడుమ గిదొక్కటి వడ్డది."

"ఇంటికి తీస్కపో. దాన్ని పాడుగానియ్యకు. నేను బండెక్కుతాన."

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి సార్. మా ఇంటామెకు చెప్త."

రైలు ఎక్కాక ఆగలేక సునీతకు ఫోన్ చేసి, సారు చెవి దగ్గర పెట్టమన్నాను. చార ఉన్న చేప దొరికింది సార్ అన్నాను. అవతల మంచం కిర్రుమన్న చప్పుడు. తర్వాత, "మీసాలెన్ని?" అన్నారు.

"ఇంక చూడలే సార్. దాని దగ్గరికే పోతాన."

"చూసినంక ఫోన్ చెయ్యి," అని పెట్టేశారు. లేచి కూర్చున్నారని, గడ్డం గీయించమని అడిగారని సునీత తర్వాత చెప్పింది.

స్టీలు డబ్బా

కొత్తవాడలో సదానందం ఇంటికి చేరేసరికి అతను గడపలోనే నిలబడి ఉన్నాడు, మొహం వెలిగిపోతూ. అతని భార్య కౌసల్య ముందు మంచినీళ్లిచ్చింది. తర్వాత లోపల నుంచి స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీశాను. ఆ రోజు పడిన పరకలన్నీ అందులో ఉన్నాయి. బూడిదతో రాయి మీద తోమి, తలలు తీసి, రెక్కలు, తోకలు కోసి, కడుపులు పిండి, ఉప్పు పసుపు పట్టించి ఉన్నాయి. మీద ఒక ఆకు ముక్కలో ఒకే ఒక చేప విడిగా. అది మిగతావాటికన్నా శుభ్రంగా తోమి ఉంది. ఆ చేప ముఖ్యమైందని ఆమెకు తెలుసు కదా.

"గదే సారు, మీరు చెప్పిన చేప. కలవకుండ ఏరి పెట్టిన," అంది కౌసల్య.

"తల ఏదమ్మా?" అన్నాను.

"సన్నచేపకు తలేముంటది సారు, చేదు. పిల్లికేసిన."

"నేను జర ఉంచుమన్న గద."

"పాడుగానియ్యకు అన్నరట. ఈ ఎండకు కడుపు తియ్యకుంటె గడియల వాసనొస్తది. అందుకే ముందుగాల దీన్నే వట్టుకున్న. పొలుసుతోని పెద్దమనిషి ఇంటికి ఎట్ల పంపుత సారు? మీ ఇంట్లామె కూసుండి తోముకోవాల్నా?"

మా దగ్గర ఎవరింటికైనా చేప పంపితే తోమి పంపుతారు. పొలుసుతో పంపితే, తిను గానీ నువ్వే కష్టపడు అన్నట్టు. ఇన్నేళ్లుగా ఈ ఇంటి నుంచి మా ఇంటికి వచ్చిన ప్రతి చేపా ఉప్పు పసుపుతోనే వచ్చింది. నేను తిని మెచ్చుకున్నాను. ఈ రోజు ఒక్కటి పొలుసుతో ఉంచుతారని నేనెందుకు అనుకోవాలి? కడుపు తీయని చేపే పాడవుతుందని ఆ ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. నేను చెప్పిన పని ఆమె నాకన్నా శ్రద్ధగా చేసింది.

వాకిట్లో కూర్చుని భూతద్దం పెట్టి చూశాను. మూతి లేదు. పొలుసులు లేవు. ముల్లు మొదలంటా కోసి ఉంది. చార ఉండాల్సిన చోట పసుపు కింద కొంచెం నలుపు ఉన్నట్టు అనిపించింది. రాయి మీద తోమిన చర్మం కూడా అలాగే కములుతుంది.

"సదానందం, దానికి మీసాలున్నయా? గాలం తీసేటప్పుడు మూతి చూసినవ్ గద," అన్నాను.

"ఉన్నట్టే ఉండె సార్."

"రెండా, నాలుగా?"

నా మొహం వంక చూశాడు. "రెండు... మీరు నాలుగంటె నాలుగే సార్."

పాపం, వాడి తప్పేమీ లేదు. నా మొహంలో ఏ అంకె ఉంటే అది చెప్పడానికి వాడు సిద్ధంగా ఉన్నాడు. నాకు సారు బకెట్లు వంచిన రోజు గుర్తొచ్చింది.

చదువుకున్న పిల్లలు మీరు కొన్ని ప్రశ్నలు అడుగుతారు, వాటికి జవాబు ఇక్కడే చెప్పేస్తాను. ఫోటోను ఫోన్‌లోని ఒక యాప్‌లో పెట్టాను. మొదటిసారి ఏదో దేశపు అద్దాల తొట్టి చేప అంది, రెండోసారి ఇంకో పేరు చెప్పింది. తెలిసిన పెద్దలకు పంపాను. తల మీద వేలుంది, చెప్పలేం అన్నారు. ఆ ముక్కను జన్యు పరీక్షకు ఇస్తానని ఒకాయన్ను అడిగాను. ఇవ్వండి, కానీ ముందే గుర్తించి పేరు పెట్టిన చేప ఉంటేనే దానితో పోల్చగలం అన్నాడు. ఆ సీసానే కదా పారబోసింది.

ఆ సాయంత్రం సునీతకు ఫోన్ చేసి, చేప చెడిపోయింది, ఇంకోటి పడతాం, సారును ఓపిక పట్టమను అన్నాను.

మడుగు

మర్నాటి నుంచి మేమిద్దరం ఒర్రెకు పోవడం మొదలుపెట్టాం. సదానందం మగ్గం ఆపి వచ్చేవాడు. నేను ఈసారి సీసా, భూతద్దం, సూది అన్నీ సంచిలో పెట్టుకున్నాను. మడుగు పెద్దదేం కాదు. ఎండలకు నీళ్లు తగ్గుతున్నాయి, అంచుల్లో తుంగ, నడుమ మోకాలిలోతు. ఎర్ర గుచ్చి వేస్తే జిలేబీలు పడేవి. ఒకటి తీసి పారేస్తే ఇంకోటి. మధ్యలో ఎప్పుడైనా పరక పడితే ఇద్దరం ఒంగి చూసేవాళ్లం. చార ఉండేది కాదు. సారు ప్రతి సాయంత్రం సునీత చేత ఫోన్ చేయించేవారు, లేదు సార్ అని చెప్పేవాణ్ణి.

ఒక పొద్దున మేం దిగుతుంటే దూరం నుంచే డీజిల్ ఇంజన్ చప్పుడు వినపడింది. కొర్రమట్టల కోసం ఎవరో మడుగు తోడేస్తున్నారు. ఎండాకాలం ఇది మామూలే. బురదలో దాక్కునే కొర్రమట్టకు బజార్లో మంచి ధర ఉంటుంది, నీళ్లన్నీ తోడితే చేత్తో ఏరుకోవచ్చు. రాత్రే మొదలుపెట్టినట్టున్నారు, మడుగు అడుగు కనపడుతోంది. నలుగురు బురదను కాళ్లతో తొక్కుతూ వెతుకుతున్నారు. కొంగలు, కాకులు గట్టంతా నిండిపోయాయి.

"జర ఇంజన్ బంద్ పెట్టుండ్రి," అని అరిచాను.

ఇంజన్ దగ్గరి మనిషి నా వంక వింతగా చూశాడు. "అయిపోయింది సార్. ఇంగ నీళ్లేడున్నయ్? మీగ్గూడ కొర్రమట్ట గావాల్నా?"

"కొర్రమట్ట గాదు. చిన్న చేపలు."

"చిల్లర చేపలా? తీస్కపోండ్రి సార్, గవి మాకెందుకు. మొత్తం మీయే."

మొత్తం నావే. నేను బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాను. సదానందం ఒక పక్క నుంచి, నేను ఒక పక్క నుంచి వేళ్లతో తోడుతూ వెతికాం. దొరికినదల్లా సీసా నీళ్లలో కడిగి చూశాను. కొన్ని తొక్కుడుకు నలిగిపోయాయి, కొన్నిటికి కాకులు తలలు పొడిచాయి. బురద పట్టిన చేపకు ఎక్కడ చూసినా చారే. కడిగితే పోయేది. ఒకటి కడిగినా పోనట్టు అనిపించింది, వెలుతురుకు పట్టుకుంటే గడ్డిపోచ ఊడిపడింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా వెతికాం.

"ఇగ లే సార్," అన్నాడు సదానందం. "మోకాళ్లు వోతయ్."

ఒర్రెలో ఇంకే మడుగైనా ఉందేమోనని ఆ తర్వాత కింది దాకా నడిచాం. లేదు. అడ్డచార చేపలు అక్కడ ఎన్ని ఉండేవో, అదొక్కటే మిగిలిందో, ఎవరికి తెలుసు. చూసేవాళ్లు లేని చోట ఏది పోయిందో చెప్పేవాళ్లు కూడా ఉండరు. నా సర్వీసంతా ఎన్ని మడుగులు ఇలా ఎండాయో, వాటిలో ఏమేం పోయాయో తలచుకుంటే నాకు ఈ రోజుకూ అన్నం సహించదు. ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. ఇక ఎప్పటికీ ఉండదు.

బోర్లా పెట్టిన కాగితం

ఆ సాయంత్రమే హనుమకొండ వెళ్లాను. సునీత గేటు దగ్గరే ఆపింది.

"చిన్నాయనా, దొరికిందని చెప్పు. ఒక్క మాట. నీదేం పోతది?"

"మీసాలెన్నని అడుగుతడమ్మా."

"రెండను, నాలుగను, ఏదో ఒకటి అను. కలిస్తే ఆయన నిమ్మలంగ పోతడు. రాత్రిళ్లు నిద్రవోతలేడు," అంది. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. ఆమె అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు.

లోపలికి పోయేదాకా నేను ఏం చెబుతానో నాకే తెలియదు. సారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. నున్నగా గీసిన గడ్డం. నా అడుగుల చప్పుడు విని, "మహబూబూ, మీసాలెన్ని?" అన్నారు.

రెండు అనడానికి నోరు తెరిచాను. బల్ల మీద బోర్లా పెట్టిన కాగితాలు కళ్ల ముందు కదిలాయి. "తల లేదు సార్," అన్నాను.

మొదటి నుంచి అంతా చెప్పాను, మడుగు దాకా. ఆయన మధ్యలో ఆపి అడిగారు.

"పక్కగీత పొలుసులు?"

"తోమిన్రు సార్."

"ముల్లు?"

"కోసిన్రు."

"పసుపు గూడ పెట్టిన్రా?"

"పెట్టిన్రు సార్."

"పద్ధతి గల్ల మనుషులు," అన్నారు. ఆయన పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది.

"ఫోటోల చార మంచిగ కనవడ్డది సార్. మీరు జూసింది నిజమే."

"చార సంగతి నేనే చెప్పిన. నేను చెప్పింది నీకు కనవడ్డది. అది లెక్కకు రాదు."

అప్పుడు నేను ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. "సార్, మీసాలెన్నో ఇప్పుడన్న చెప్పుండ్రి. మల్ల ఎప్పుడన్న దొరికితే, ఎవరికన్న దొరికితే, అది మీ చేపనే అని ఎట్ల తెలుస్తది? మీరు దప్ప ఎవలకు తెల్వదు."

చెబుతారనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా.

"చెప్తే నీకు అన్నే కనవడ్తయ్ మహబూబూ," అన్నారు. "కాగితం బోర్లనే ఉండనియ్యి." తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నారు. సునీత గుమ్మంలో నిలబడి నా వంక చూసింది. నన్ను ఆమె క్షమించిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

వానలు పడకముందే సారు పోయారు. ఆయన చేసింది సరైనదా అని నన్ను అడగకండి. అబద్ధానికి చోటివ్వని పద్ధతి అది, నిజానికి కూడా చోటు మిగల్చలేదు. నేను ఆయనకు అబద్ధం చెప్పనందుకు సంతోషపడాలో, ఏడవాలో తెలియదు. చాలా రోజులు ఏడుపే వచ్చింది.

ఆదివారాలు ఇప్పటికీ సదానందంతో పోతున్నాను. ఒర్రెలో వానకు నీళ్లు వచ్చాయి, జిలేబీలు వచ్చాయి. పరక పడితే గాలం తీయకముందే సూదితో మూతి లేపి చూస్తాను. కొన్నిటికి రెండు, కొన్నిటికి నాలుగు, కొన్నిటికి ఏమీ లేవు. కౌసల్య ఇప్పుడు చేపలు తోమే ముందు నాకు ఫోన్ చేసి అడుగుతుంది. తోమమ్మా అంటాను.

మీలో ఎవరికైనా, ఎప్పుడైనా, ఆ ఒర్రెలో అడ్డచార ఉన్న పరక దొరికితే మీసాలు లెక్కపెట్టండి. లెక్క కాగితం మీద రాసి బోర్లా పెట్టండి. కానీ దాని పక్కన పెట్టి తిప్పి చూసుకోవడానికి రెండో కాగితం ఇక లేదు.